నత్త ఎక్కిన కొండలు

తెలుగు బడి వార్షిక సంచికకి ఏదైనా రాసిమ్మని మా మనవరాలి పంతులమ్మగారు అడిగినప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముప్ఫై ఏళ్లు ఈ ఫరీజ్ బిన్ మహమూద్‌లోనే కాపురం చేసినా, సామాన్ల జాబితాలు, ఇంటికి ఉత్తరాలు తప్ప తెలుగులో మేం రాసింది ఏమీ లేదు. "తాతయ్యా, నత్త గురించి రాయండి" అని సలహా ఇచ్చింది మనవరాలే. కాబట్టి ఇందులో బాగున్నదంతా దాని పుణ్యం, బాగోలేనిది మా ఇద్దరిదీ.

ముందే ఒక మాట. ఇద్దరం కలిసి రాస్తున్నాం కనుక "నేను" అన్న మాట ఇందులో కనబడదు. విడివిడిగా చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన, ఆవిడ అనుకుంటాం. ఇద్దరికీ పేచీ వచ్చినచోట రెండు పక్షాలూ రాశాం.

మేం దోహాలో దిగింది 1992లో. ఫరీజ్ అంటే అరబ్బీలో పేట. అంటే మనం ఉంటున్నది మహమూద్ గారి అబ్బాయి పేట అన్నమాట! అప్పట్లో ఇక్కడ మెట్రో లేదు, ఇన్ని అంతస్తులూ లేవు. 2019లో గోల్డ్ లైన్ స్టేషన్ వచ్చి మన పేట పేరు బోర్డు మీదకి ఎక్కింది. పిల్లలు పెరగడం, పెళ్లిళ్లు, మోకాళ్ల నొప్పులు అన్నీ ఆ ఒక్క రెండు గదుల ఇంట్లోనే జరిగిపోయాయి. 2023లో ఆయన రిటైరయ్యాక రాజమండ్రి వెళ్లిపోయాం. ఇప్పుడు చలికాలంలో కూతురి దగ్గరకి వచ్చి వెళ్తుంటాం.

ఇక్కడున్నన్నాళ్లూ ఏటా ఒక దృశ్యం చూసేవాళ్లం. వేసవి తగ్గి నవంబరు వచ్చేసరికి, ఇక్కడివాళ్లు కార్ల వెనకాల చక్రాల ఇళ్లు కట్టుకుని మిసయీద్ మీదుగా సీలైన్ ఇసకదిబ్బల వైపు వరసగా పోయేవారు. కారవాన్లు అంటారు. అందులోనే పొయ్యి, మంచం, నీళ్లు. చలికాలమంతా ఎడారిలో వాటిని నిలిపి వారాంతాలు అక్కడే గడుపుతారు. శుక్రవారం సాయంత్రాలు అటు వెళ్లి, కారు బయట చాప పరుచుకుని పులిహోర తింటూ ఆ బళ్లని చూసేవాళ్లం. "మనకీ ఒకటుంటేనా" అని ఆవిడ అనేది. "ఉంటే ఎక్కడికి వెళ్తాం? దేశమంతా చూస్తే 103 మీటర్ల కంటే ఎత్తయిన గుట్టే లేదు" అని ఆయన అనేవారు. నిజమే, ఖతార్‌లో అన్నిటికంటే ఎత్తయిన చోటు అంతే.

ఎక్కడికి వెళ్తామో ఇద్దరికీ తెలుసు. పైకి అనుకునేవాళ్లం కాదు.

ఆయన నాన్నగారు, అంటే ఆవిడకి మామగారు, బడిపంతులు. మాస్టారు అనే అంటాం ఇక్కడ. 1964 నుంచి 1971 దాకా అప్పటి విశాఖ జిల్లా ఏజెన్సీలో, ముంచింగిపుట్టు దగ్గర ఒక చిన్న పల్లెలో పనిచేశారు. ఒరిస్సా సరిహద్దు అది. మన బడికి వచ్చే పిల్లలకి ఇంట్లో తెలుగు కొంచెమైనా వినబడుతుంది. ఆ పల్లె పిల్లలకి అదీ లేదు. ఇంట్లో ఆదివాసీ ఒరియా, బడిలో తెలుగు. మాస్టారికి ఆ భాష రాదు, పిల్లలకి ఈ భాష రాదు. అందుకని ఆయన ఒక నోటుబుక్కు పెట్టుకుని, పిల్లలు చెప్పిన మాటలన్నీ తెలుగు లిపిలో ఒకవైపు, వాటి అర్థాలు ఇంకోవైపు రాసుకుని, ముందు తాను నేర్చుకుని తర్వాత పాఠం చెప్పేవారట. పాణి అంటే నీళ్లు. భాత్ అంటే అన్నం. ఒకచోట "బాట" అని రాసి, ఎదురుగా అర్థం రాయకుండా "ఇది మనదే!" అని రాసుకున్నారు.

(పిల్లలూ, మీరు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటారు కదా, అది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. 1863లో పుట్టారు. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. మాస్టారు ఆయన పేరు ఎత్తితే చెప్పులు విడిచి మాట్లాడేవారు.)

ఆయన పుట్టింది 1963లో. కాబట్టి ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఆ పల్లెలోనే పెరిగారు. ఒరియా మాటలే ముందు వచ్చాయని, తల్లిని కూడా ఆ భాషలోనే నీళ్లడిగేవాడని మా అత్తగారు నవ్వుతూ చెప్పేవారు. రాజమండ్రికి బదిలీ అయ్యాక, బళ్లో పిల్లలు వెక్కిరిస్తే, ఒక్క ఏడాదిలో అదంతా పోయింది. ఎంతలా పోయిందంటే, తర్వాత ఒక్క వాక్యం గుర్తులేదు.

1997 నవంబరులో ఒక గురువారం రాత్రి తమ్ముడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మాస్టారు పోయారు. ఇప్పటి పిల్లలకి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్లు దేశం దాటాలంటే కఫీల్ సంతకం పెట్టిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. మర్నాడు శుక్రవారం. సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి దేశంలో లేడు. ఎవరో ఫోన్లు చేశారు, ఎవరో బతిమాలారు. కాగితం చేతికొచ్చేసరికి మూడు రోజులు గడిచాయి. తమ్ముడే తలకొరివి పెట్టాడు. మేం కర్మకి మాత్రం అందుకున్నాం. 2018లో చట్టం మారి చాలామందికి ఆ పర్మిట్ అవసరం పోయింది, 2020లో ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి కూడా. ఆ వార్త పేపర్లో చదివిన రోజు ఆయన టీ తాగకుండా లేచి వెళ్లిపోయారు.

ఆ ప్రయాణంలోనే ట్రంకుపెట్టెలో నోటుబుక్కు దొరికింది. తెచ్చి బిన్ మహమూద్ ఇంట్లో బీరువాలో పెట్టాం. పాతికేళ్లకి పైగా అక్కడే ఉంది.

సరే, నత్త సంగతికి వద్దాం.

రిటైరయ్యాక పదమూడు సీట్ల పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నాం. విజయవాడ ఆటోనగర్‌లో దాన్ని విప్పి ఇల్లు కట్టించాం. రెండు సీట్లు ఉంచి మిగతావి తీసేసి, ఒక మంచం, గ్యాసు పొయ్యి, చిన్న సింకు, డెబ్భై లీటర్ల నీళ్ల టాంకు, పైన సోలార్ పలకలు, కిందొక బాటరీ, చిన్న ఫ్రిజ్. వెనకమూల గడి పెట్టిన పాయిఖానా. దీనికి పట్టిన నాలుగు నెలల్లో మూడు నెలలు మేస్త్రీలవి కావు. బండి లోపల మార్పులు చేస్తే రిజిస్ట్రేషన్ కాగితంలో రాయించుకోవాలి కదా! ఆ ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుళ్లు గుడి చుట్టూ తిరిగితే మోక్షం ఖాయం. "రిటైరైనోళ్లు ఇంట్లో ఉండక ఈ పనులేంటండీ" అని ఒకరు జాలిగా అడిగారు. వీడియోలో బండి చూపిస్తే మనవరాలు "ఇల్లు వీపు మీద పెట్టుకుని వెళ్తుందిగా, నత్త!" అంది. అదే పేరు ఖాయమైంది. వెనక అద్దం మీద రాయించాం కూడా. ఘాట్ రోడ్డులో వెనకొచ్చే లారీవాళ్లు అది చదివి నవ్వి, హారన్ కొట్టడం మానేసేవారు. డబ్బు పెట్టి కొన్నవాటిలో బాగా పనికొచ్చింది ఆ రాతే.

2024 అక్టోబరులో దసరా వెళ్లాక విశాఖ చేరాం. శరదృతువులోనే ఎందుకంటే, వానలు వెనకపట్టి కొండలు కడిగినట్టుంటాయి, చలి ఇంకా ముదరదు. కానీ అదే తుపాన్ల కాలం కూడా. వెళ్లగానే దానా తుపాను కబురు వచ్చింది. రెండు మూడు రోజులు బంధువుల ఇంటి ముందు నత్తని నిలిపి కూర్చున్నాం. 25 తెల్లవారుజామున అది ఒడిశా తీరం దాటింది. 26న బయల్దేరాం.

శృంగవరపుకోట దాటగానే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. దోహా రోడ్ల మీద ముప్ఫై ఏళ్లు నడిపిన చెయ్యి ఇక్కడ అక్కరకు రాలేదు. అక్కడంతా పళ్లెంలా చదును, కుడిపక్కన నడక. ఇక్కడ ఎడమపక్కన నడక, మలుపు మీద మలుపు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు నొక్కిపెట్టి ఉంచితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని ఒక ఆర్టీసీ డ్రైవరు గారు టీ కొట్టు దగ్గర చెప్పారు. ఆ మాటకి ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

అనంతగిరి దగ్గర టీ తాగి మళ్లీ బండి తీసినప్పుడు ఒకటి జరిగింది. రాయొద్దని ఆయన, రాయాల్సిందేనని ఆవిడ. టీ తాగి హాయిగా కబుర్లాడుకుంటూ, పాత అలవాటున రోడ్డుకి కుడివైపు ఎక్కేశారు ఆయన. ఖాళీ రోడ్డు, ఇద్దరం గమనించలేదు. మలుపులో ఎదురుగా బస్సు. ఆ డ్రైవరు తన బస్సుని కొండకేసి ఆనించి ఆపాడు. మేం ఎలా ఆగామో తెలియదు. మధ్యన ఓ మనిషి నడిచేంత జాగా. బస్సులోంచి ఎవరూ తిట్టలేదు, అదే భయమేసింది. ఆ డ్రైవరు మా తెల్లజుట్టు చూసి "ఎడమ... ఎడమ బాబూ" అన్నాడంతే. ఆ రోజుకి మిగతా దారంతా ఆవిడే నడిపింది. ఒక అట్టముక్క మీద పెద్దక్షరాలతో "ఎడమ" అని రాసి స్టీరింగు ముందు అంటించింది. అది ఇప్పటికీ ఉంది. ఘాట్ మీద ఆవిడే బాగా నడుపుతుందని ఆయన ఒప్పుకున్నట్టుగా ఇక్కడ నమోదు చేస్తున్నాం.

బొర్రా గుహలు చూశాం. సున్నపురాయి, గోస్తని నీళ్లు, కొన్ని లక్షల ఏళ్ల ఓపిక. మెట్లు దిగడం తేలికే, ఎక్కడమే మా మోకాళ్లకి పరీక్ష. పక్కనే రైలు దారి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్లే ఈ లైను బైలడిల్లా ఇనప ఖనిజం కోసం 1960లలో వేశారు. ఆ ఖనిజం కొన్న జపాను వాళ్లు దానికి సాయం చేశారు. దార్లో శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. మన ఖతార్ గుట్టకి దాదాపు పదింతలు.

అరకు లోయలో ఆ వారం వలిసె పూలు. ఇది నూనెగింజ పంట. ఆకాశం కింద పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. ఫోటోకి పది రూపాయలని చేలవాళ్లు బోర్డులు పెట్టుకున్నారు. మంచి పని చేశారు. పంట తొక్కించుకునేవాళ్లకి ఆ మాత్రం రావాలి. వెండి చెట్లు అని వాళ్లు పిలిచే సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాకు నవ్వొచ్చిన విషయం ఇంకొకటి. ఊరూరా "జీసీసీ" అని బోర్డులు! గల్ఫ్‌లో ముప్ఫై ఏళ్లు బతికినవాళ్లకి జీసీసీ అంటే ఆరు అరబ్ దేశాల కూటమి. ఇక్కడ జీసీసీ అంటే గిరిజన సహకార సంస్థ. 1956 నుంచి ఉంది, మన గల్ఫ్ జీసీసీ కంటే పాతికేళ్లు పెద్దది. తేనె, చింతపండు, కుంకుడుకాయలు వాళ్లే కొంటారు. ఇకామా అక్కర్లేదు.

పాడేరు దగ్గర దీపావళి జరిగింది. అక్టోబరు 31. నత్త గడప మీద రెండు ప్రమిదలు. మర్నాడు తెల్లారకుండా వంజంగి మేఘాల కొండకి వెళ్లేవాళ్ల జీపుల రొద. మేం అంత ఎత్తు ఎక్కలేక కింద మలుపు దగ్గరే కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. లోయ నిండా తెల్లటి మబ్బు, దాని మీద కొండకొమ్ములు దీవుల్లా. కింద నుంచి కూడా సరిపోయింది.

అక్కడే ఒక గండం. ఆవిడకి షుగరు, రోజూ ఇన్సులిన్. ఆ ఫ్రిజ్ పెట్టించిందే దాని కోసం. మూడు రోజులు మబ్బు పట్టి సోలార్ పలకలకి ఎండ తగల్లేదు. బాటరీ పడిపోయింది, ఫ్రిజ్ ఆగింది. దోహాలో అయితే కారులో గంట మర్చిపోతే చాలు, మందు పారేయాల్సిందే. ఆ భయంతో కంగారుపడి పాడేరులో మందుల షాపుకి పరిగెత్తాం. అక్కడి కుర్రాడు థర్మామీటరు చూపించాడు. "అమ్మా, పగలే ఇరవై నాలుగుంది. వాడుతున్న పెన్ను ముప్ఫై లోపు ఉంటే నాలుగు వారాలు బయటే ఉండొచ్చు. తక్కినవాటిని ఇలా ఇవ్వండి, మా ఫ్రిజ్‌లో పెడతా. వెనక్కొచ్చేటప్పుడు తీసుకోండి" అన్నాడు. డబ్బు పుచ్చుకోలేదు.

నవంబరు 3న పెదబయలు మీదుగా ముంచింగిపుట్టు. పాడేరు 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకి ముఖ్యపట్టణం, అందుకని అంతదాకా రోడ్డు పనుల దుమ్ము. ఆ తర్వాత దుమ్ము తగ్గి కొండలు దగ్గరకొస్తాయి. చోళ్లు కోతకొచ్చిన పొలాలు. ఊళ్ల పేర్ల చివర "పుట్టు", "పుట్టు". ఆయన ఒక్కో బోర్డూ పైకి చదువుతూ ఉన్నారు, చిన్నపిల్లాడిలా. ఆవిడ నడుపుతోంది.

ఊరు మారింది. మారకుండా ఎందుకుంటుంది? యాభై మూడేళ్లు. అప్పుడు గడ్డి కప్పిన పాక బడి. ఇప్పుడు స్లాబు భవనం, గోడ మీద అక్షరమాల, పిల్లలకి బూట్లు. పంతులు గారు ఆ చుట్టుపక్కల ఊరి ఆదివాసీ యువకుడే. ఇంట్లో ఆ భాష, డిగ్రీ తెలుగులో. మేం వచ్చిన పని చెప్పగానే పాత రిజిస్టర్ల కోసం బీరువా తీశారు. 1980లకి ముందువేవీ మిగల్లేదు, చెదలు. ఆయన మొహం చిన్నబోయింది. కానీ ఆ పంతులు గారు నోటుబుక్కు తిరగేస్తూ నిలబడిపోయారు. కొంతకాలం కిందట ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల వాచకాలు వేసింది, అందులో ఆదివాసీ ఒరియా కూడా ఉంది, అదీ తెలుగు లిపిలోనే. "అప్పట్లోనే ఈయన ఒక్కడూ కూర్చుని రాసుకున్నాడా!" అన్నారు. తర్వాత ఒక పిల్లవాణ్ణి పంపి ఒక ముసలాయన్ని పిలిపించారు.

డెబ్భై దగ్గరపడిన మనిషి. భుజం మీద తుండు, చేతిలో కర్ర. మమ్మల్ని చూసి ఒరియాలో ఏదో గబగబా అడిగారు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ భాషలో నీళ్లడిగిన నోరే అది. అలా చూస్తూ నిలబడిపోయారు. పంతులు గారు తెలుగులో చెప్పారు. "మాస్టరుగారి బుడ్డోడివా అంటున్నాడు. నిన్ను నడుం మీద మోసి వాగు దాటించేవాణ్ణి, ఎంత బరువుండేవాడివో అంటున్నాడు."

తర్వాత ఆ పెద్దాయన తెలుగులోనే మాట్లాడారు. మాస్టారు నేర్పిన తెలుగే, ఒత్తులతో సహా. బడి అరుగు మీద కూర్చుని నోటుబుక్కు చదవడం మొదలుపెట్టారు. కళ్లద్దాలు లేవు, ఆవిడ కళ్లద్దాలే పెట్టుకున్నారు. ఒక్కో మాటా చదివి తలూపుతున్నారు. ఎనిమిదో పేజీ దగ్గర ఒక్కసారి పగలబడి నవ్వారు. ఎంతకీ ఆపరు, దగ్గు వచ్చేదాకా నవ్వారు. చుట్టూ చేరిన ఆడవాళ్లకి ఆ మాట చదివి వినిపిస్తే వాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. విషయం ఏమిటంటే, మాస్టారు "సుద్దముక్క" అని అందంగా గీత గీసి రాసుకున్న చోట, ఎదురుగా ఉన్నది సుద్దముక్క కాదు. ఆ మాట ఈ సంచికలో రాయడానికి వీల్లేదు. పిల్లలందరూ కూడబలుక్కుని మాస్టారికి చెప్పారట. ఆయన నాలుగు రోజులపాటు క్లాసులో ఎవరో ఒకరిని పిలిచి గంభీరంగా అది తెమ్మని అడిగేవారట.

"మరి తెలిసిందా ఆయనకి?" అంది ఆవిడ.

"తెలిసిందమ్మా. అయిదో రోజు మా అమ్మ చెప్పేసింది. కొడతారనుకున్నాం. కొట్టలేదు. ఈ పుస్తకంలో కొట్టేస్తారనుకున్నాం. అదీ కొట్టలేదు చూడు, అలాగే ఉంచేశారు."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆ పెద్దాయన అడిగారు. "మాస్టరుగారు ఎప్పుడు పోయారు బాబూ?"

"తొంభై ఏడులో. కార్తీకమాసం."

"దగ్గరున్నావా?"

ఈ ప్రశ్న పాతికేళ్లకి పైగా మమ్మల్ని ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్లు మర్యాదకి అడగరు, తెలియనివాళ్లకి అవసరం లేదు. "లేను" అన్నారు ఆయన. ఎగ్జిట్ పర్మిట్, కఫీల్, శుక్రవారం అని చెప్పబోయి ఆగిపోయారు.

ఆ పెద్దాయన పేజీ తిప్పుతూ, "మేమూ లేం కదా" అన్నారు. అంతే. ఇంకో పేజీ చదవడం మొదలుపెట్టారు.

ఆ రాత్రి బడి ఆవరణలోనే నత్తని నిలిపాం. అందరూ చోడిపిండి అంబలి తెచ్చారు. మేం మాడుగుల హల్వా పంచాం. తెల్లవారుజామున నాలుగింటికి ఇద్దరికీ మెలకువ వచ్చి బయట కూర్చున్నాం. దక్షిణాన కొండ మీద ఒక్క పెద్ద నక్షత్రం. పిల్లలూ, మీకు తెలిసినదే. ఇక్కడ ఆగస్టు చివర్లో సుహైల్ కనబడింది, ఇక వేడి తగ్గుతుంది అని అందరూ సంబరపడతారే, అదే. దాన్నే మనవాళ్లు అగస్త్య నక్షత్రం అంటారు. వింధ్యపర్వతాన్ని వంగి ఉండమని చెప్పి దక్షిణానికి వచ్చిన అగస్త్యుడే. ఆయన కనబడితే వాన నీళ్లు తేరుకుని శరత్తు వచ్చినట్టని మన లెక్క. ఇన్నేళ్లూ సీలైన్ ఇసక మీద చూసిన నక్షత్రం ఇంకొంచెం పైకి వచ్చి కనబడుతోంది. ఆవిడ చెప్పేదాకా అది ఇదేనని ఆయనకి తెలియదు.

తెల్లారాక బండి స్టార్టు కాలేదు. ఇది ఫ్రిజ్ బాటరీ కాదు, ఇంజిన్ బాటరీ. రాత్రి పిల్లలకి లోపల లైట్లు, ఫ్యాను, సింకు అన్నీ చూపిస్తూ ఏదో స్విచ్చి వదిలేశాం. బడిపిల్లలు మొత్తం వెనక చేరారు. ఏక్, దుయి, తిని అని లెక్కపెట్టి తోస్తున్నారు. స్టీరింగు దగ్గర కూర్చున్న ఆయన నోట్లోంచి "చారి, పాంచ్" అని దానంతట అదే వచ్చింది. ఆయన ఆనందం ఇంతా అంతా కాదు, వచ్చేసింది, గుర్తొచ్చేసింది అని. అది ముప్ఫై ఏళ్లు గల్ఫ్‌లో మాట్లాడిన హిందీ అని ఆవిడ పక్షం. తోస్తున్నప్పుడు "దో" అనలేదు, "దుయి" అన్నాను అని ఆయన పక్షం. ఇది ఇంకా తేలలేదు. బండి మాత్రం పాంచ్ దగ్గర అందుకుంది.

మిగిలిన దారి చకచకా అయిపోయింది. పాడేరులో ఇన్సులిన్ తీసుకుని, జి.మాడుగుల మీదుగా చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దాడి చేసిన పోలీస్ స్టేషన్ ఆ ఊళ్లోదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తుపాకులు పట్టుకుపోయి, ఏమేం తీసుకున్నదీ రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడట. లంబసింగిలో పొగమంచు, రెండు దుప్పట్లు చాల్లేదు. అక్కడివాళ్లు దాన్ని కొర్రబయలు అంటారు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని! మేం లోపలే పడుకున్నాం. నర్సీపట్నం దిగేసరికి చెమట పట్టింది. రెండు వారాల ప్రయాణం, మీటరు మీద ఐదొందల కిలోమీటర్ల చిల్లర. నత్త కదా.

ఇక నోటుబుక్కు. అసలు మా ఉద్దేశం దాన్ని ఆ బడికే ఇచ్చేసి, నకలు మేం ఉంచుకోవాలని. పాడేరులో నకలు తీయించి పెట్టుకున్నాం కూడా. తీరా ఇచ్చే సమయానికి ఆయన చెయ్యి చాచలేకపోయింది. పంతులు గారు అర్థం చేసుకుని నకలే పుచ్చుకున్నారు. ఆ పెద్దాయన మాత్రం "నాకొక్క కాగితం ఇయ్యి బాబూ" అన్నారు. చివరి పేజీ. దాని మీద మాస్టారు ఆ ఏటి పిల్లల పేర్లు వరసగా రాసుకున్నారు. పద్నాలుగో పేరు ఆయనది. ఆవిడే కుట్టు విప్పి, చిరగకుండా తీసి ఇచ్చింది. ఆయన దాన్ని తుండులో మడిచి నడుముకి కట్టుకున్నారు.

మొన్న ఇక్కడికి వచ్చాక మనవరాలికి నోటుబుక్కు చూపించాం. కూడబలుక్కుంటూ ఒక్కో మాటా చదివింది. చివరికొచ్చేసరికి ఆగి, "అమ్మమ్మా, ఇక్కడ ఒక పేజీ లేదు, ఎవరు చింపేశారు?" అని కోపంగా అడిగింది. చింపలేదు, ఇచ్చాం అని చెప్పాం. ఎవరికి అంది. చెప్పాం. ఎనిమిదో పేజీ సంగతి కూడా చెప్పమని ఇప్పుడు రోజూ వెంటపడుతోంది. పదో తరగతి పాసయ్యాక చెబుతామన్నాం.